పెన్సిల్ ముద్రకు అందని నంబర్

మా బావ అంబాసిడర్ కారు ఇంజన్ నంబర్‌ను నేను మొదటిసారి కాగితం మీదికి తీసింది మిర్యాలగూడలో, ఒక రేకుల షెడ్డులో, ఎండాకాలం మధ్యాహ్నం. పని కష్టమైనదేమీ కాదు. బానెట్ ఎత్తి, బ్లాక్ అనే ఇంజన్ దిమ్మ పక్కన అరచేతిలో సగం ఉండే చదునైన చోటును కిరోసిన్ గుడ్డతో తుడవాలి. దాని మీద పలుచటి కాగితం అదిమిపట్టి, పెన్సిల్‌ను పడుకోబెట్టి మెల్లగా రుద్దాలి. ఇనుము తగిలిన చోట కాగితం నల్లబడుతుంది. అంకెలు లోపలికి దిగి ఉంటాయి కాబట్టి తెల్లగా మిగులుతాయి. బండి పేరు మార్పించుకునే వాళ్ళకు రవాణా ఆఫీసు బయట బ్రోకర్లు రోజూ చేసిపెట్టే పనే ఇది.

బావ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఉబ్బిన నరం కనపడకుండా తువ్వాల కప్పుకున్నాడు.

“వచ్చిందా?”

“వచ్చింది బావా.”

“కార్డు మీద ఉన్నదేనా? మంచిగ సూడు.”

ఆర్సీ కార్డు పక్కన పెట్టుకుని ఒక్కొక్క అంకె పోల్చాను. “అదే.”

“మరి! నేను సెప్పలే? గీ ఇంజన్ మారిందంటే నేను మారిన అన్నట్టే.” షెడ్డుకు ఎదురుగా తమ ఇంటి గడపలో చింతపండు గింజలు తీస్తున్న అక్క వైపు తిరిగి గొంతు పెంచాడు. “ఇంటున్నవా? అదేనంట!”

“ఇన్న తియ్. అరిస్తె ఆయాసమొస్తది. తమ్మీ, ఆయన్ని జర నీడకు జరుపు” అంది అక్క.

నేను తల ఎత్తలేదు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. అవి నిలబడిన తీరే సరిగ్గా లేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. పదో తరగతితో బడి మానేశాను. సూర్యాపేట మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో ధాన్యం బస్తాలు కాంటా పెట్టే పని నాది. కాంటాలు అయిపోగానే చొక్కా మీది దుమ్ము దులుపుకుని గ్రంథాలయానికి పోతాను. పెళ్ళికి ముందు నుంచీ ఇదే అలవాటు. నక్షత్రాల గురించి, పాముల గురించి, వంతెనలు ఎందుకు కూలతాయనే దాని గురించి అక్కడే చదువుకున్నాను. ఇంగ్లిష్ పుస్తకమైతే పక్కన నిఘంటువు పెట్టుకుని, పేజీకి ఒక పూట పట్టినా సరే వదలను. తోటి హమాలీలు నన్ను ‘ప్రొఫెసర్’ అని పిలుస్తారు. ఎగతాళికే పిలుస్తారు. అయినా నాకు బాగానే ఉంటుంది. గ్రంథాలయంలో చదివినవాడికి ఎవరూ పట్టా ఇవ్వరు, కాబట్టి తన చదువు సంగతి తానే చెప్పుకోవాల్సి వస్తుంది. నేను చెప్పుకుంటాను.

అక్కడే అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం ఒకటి దొరికింది. పాత కార్లను కాపాడుకోవడం గురించి. అందులో నంబర్లకే ఒక అధ్యాయం ఉంది. కారు ఫ్యాక్టరీ నుంచి ఏ ఇంజన్‌తో బయటికి వచ్చిందో అదే ఇంజన్ ఇంకా ఉంటే, ఆ కారుకు విలువ వేరు. అయితే నంబర్ కలిసినంత మాత్రాన నమ్మకూడదు. ఫ్యాక్టరీలో అచ్చుకు బిగించి కొట్టిన అంకెలు ఒకే గీత మీద, ఒకే లోతులో నిలబడతాయి. చేతితో ఒక్కొక్క పంచ్ పెట్టి సుత్తితో కొట్టినవి ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి, కొన్ని పక్కకు ఒరుగుతాయి. అంకెల కింది ఇనుము మీద మిషన్ కోసిన సన్నటి గీతలు వరుసగా ఉండాలి. గ్రైండర్ తిప్పిన సున్నాల్లాంటి గీతలు కనిపిస్తే, అక్కడ ఎవరో ఏదో చెరిపి మళ్ళీ రాశారని అర్థం.

బావ కారు ఇంజన్ మీద ఆ గ్రైండర్ సున్నాలు ఉన్నాయి. అంకెలు బడి వదిలాక పిల్లలు నడిచినట్టున్నాయి.

కారు మొదట మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే ఒక సావుకారిది. బావ ఆయన దగ్గర డ్రైవర్. సావుకారు కొత్త బండి కొనుక్కున్నప్పుడు పాతదాన్ని బావకు వదిలేశాడు. అప్పటి నుంచి పెళ్ళిళ్ళకూ దవాఖానలకూ కిరాయికి తిప్పి, బావ ఇల్లు నడిపాడు. తర్వాత షుగర్ వచ్చింది, కళ్ళు మసకబారాయి, కిడ్నీలు పోయాయి. కారు రేకుల షెడ్డులో ఆగిపోయింది. ఆ జాగా మాది కాదు, కిరాయికి తీసుకున్నది. జాగా ఆయన అక్కడ గదులు కట్టుకుంటానని, వానాకాలం లోపల ఖాళీ చేయమని మర్యాదగానే చెప్పాడు. ఇంటి ముందు సందులో కారు పట్టదు. పాత బండి కాబట్టి రోడ్డు మీదికి తేవడానికి మళ్ళీ అనుమతి రావడమూ కష్టం. కోదాడ నుంచి తుక్కు వ్యాపారి వచ్చి, చుట్టూ తిరిగి, డోర్ మీద వేలితో తట్టి వెళ్ళాడు. ఆ తట్టడం బావకు నిద్ర లేకుండా చేసింది.

“సచ్చిన బర్రెను తట్టినట్టు తట్టిండు” అన్నాడు నాతో.

అదే వారంలో ఒక పెళ్ళికి హైదరాబాద్ నుంచి వచ్చిన ఆయన షెడ్డులో కారును చూసి ఆగాడు. పాత కార్లను బాగు చేయించి, రంగు వేయించి, తన దగ్గర నడుస్తూ ఉండేట్టు చూసుకునే మనిషి. “తీసుకుంటాను. నా దగ్గర రోజూ స్టార్ట్ అవుతుంది, మీరు వచ్చి నడుపుకోవచ్చు కూడా” అన్నాడు బావతో. “కానీ ఒరిజినల్ ఇంజన్ ఉండాలి. నంబర్ ఉన్న చోటు ఫొటో తీసి పంపండి.” బావ ఆ రాత్రి ఎంత ఇస్తాడన్న మాటే ఎత్తలేదు. “నేనున్నా లేకున్నా బండైతే నడుస్తది” అని అక్కతో చెప్తూ కూర్చున్నాడు. సూర్యాపేట నుంచి నన్ను పిలిపించింది అందుకే. ఇంజన్ అసలుదైతే కారు బతుకుతుంది. కాకపోతే కోదాడ తుక్కులోకి పోతుంది.

పెన్సిల్ కాగితం బావ చేతిలో పెట్టి, చూసింది చూసినట్టు చెప్పాను. “బావా, ఇవి కంపెనీల కొట్టిన అంకెలు కావు. చేతితోని కొట్టినయి.”

“ఎవడన్నడు?”

“పుస్తకంల ఉంది.”

“పుస్తకం రాసినోడు గీ బండి తోలిండా?” కాగితం నా మీదికి విసిరాడు. “బస్తాలు మోసేటోనికి అంకెలెందుకురా? నంబర్ కలిసిందా లేదా? కలిసింది. ఖతం. ఫొటో పంపు.”

పంపాను. హైదరాబాద్ ఆయన నుంచి జవాబు సాయంత్రం లోపే వచ్చింది. పుస్తకంలో నేను చదివిన మాటలే దాదాపు. చేతితో కొట్టిన నంబర్, కింద గ్రైండింగ్ ఉంది, ఇది అసలు బ్లాక్ కాదు. చివర ఒక మాట కలిపాడు: అసలు బ్లాక్ ఎక్కడైనా దొరికితే, పగిలినా తుప్పుపట్టినా సరే, నంబర్ కనపడితే చాలు, కారు తీసుకుంటాను.

నా చదువు నిజమైంది. అంత నిజమైన రోజు నాకు ముందెప్పుడూ లేదు. సంతోషం మాత్రం ఒక్క గింజంత లేదు.

బావ ఆ సందేశాన్ని నా చేత రెండోసారి చదివించుకున్నాడు. “నా చేతిల నుంచి బండి ఒక్క కోదాడ రిపేరు షెడ్డుకే పోయింది. గదీ ఒక్కపారే” అన్నాడు. “మీ అక్కకు ఆపరేషన్ అయినప్పుడు. పోదాం పా. గా షెడ్డు మేస్త్రినే అడుగుదం. నువ్వు తప్పంటడు సూడు.”

డయాలసిస్ లేని రోజు చూసుకుని హుజూర్‌నగర్ మీదుగా బస్సులో కోదాడ పోయాం. దారి పొడుగునా బావ మూత బిగించిన చిన్న నీళ్ళ సీసా ఒకటి పట్టుకున్నాడు. రోజు మొత్తానికి ఆయనకు డాక్టర్ ఒప్పుకున్న నీళ్ళు అవే. దాహమైనప్పుడు మూత తీసి పెదాలు తడుపుకుని మళ్ళీ మూసేవాడు.

ఒకప్పుడు ఇంజన్లు విప్పిన మేస్త్రి ఇప్పుడు బైపాస్ పక్కన బ్యాటరీల దుకాణం నడుపుతున్నాడు. బావను చూడగానే లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

“ఏందన్నా, సగమైపోయావు! కారు ఉందా, అమ్మేశావా?”

“ఉంది. గా బండి ముచ్చటే. అప్పట్ల నీ దగ్గర వదిలిపోయిన, యాదికుందా? ఇంజన్ మార్చినవా నువ్వు?”

మేస్త్రి నా వైపు చూశాడు, మళ్ళీ బావ వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. పాత తమాషా ఒకటి ఇన్నాళ్ళకు బయటపడినప్పుడు నవ్వే నవ్వు.

“ఇప్పుడా అడిగేది? మార్చకపోతే నీ నౌకరీ ఉండేదా అన్నా? బ్లాకు నిలువునా పగిలిపోయింది. రేడియేటర్లో నీళ్ళు లేకుండా ఎంత దూరం తోలావో ఏమో. పొగలో వచ్చావు, తాళం నా మీద పడేశావు, బస్సెక్కావు. సావుకారు మర్నాడు ఫోన్ చేశాడు. బోరు పని, మామూలు రిపేరే అని చెప్పా. పగిలిందని చెప్తే నిన్ను ఉంచుతాడా? వేరే బ్లాకు తెచ్చి బిగించా.”

“మరి నంబర్?” అన్నాను నేను.

“నంబర్ కొట్టాం. అప్పుడు అందరం కొట్టేవాళ్ళమండీ. బ్లాకు మారిస్తే కార్డు మీది నంబరే కొత్త బ్లాకు మీద కొట్టి ఇచ్చేది. బండి ఓనరు ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. పంచ్‌ల డబ్బా ఉండేది, సున్నా నుంచి తొమ్మిది దాకా. ఆరు అరిగిపోతే తొమ్మిదే తిరగేసి కొట్టేవాళ్ళం.” మళ్ళీ నవ్వాడు. “ఈ అన్న వచ్చి స్టార్ట్ చేసి ఏమన్నాడో తెలుసా? ‘మేస్త్రీ, నా ఇంజన్ కొత్త పెండ్లికొడుకు లెక్క అయింది’ అన్నాడు. నేనూ మా పనోళ్ళూ వెనక్కి తిరిగి నవ్వుకున్నాం.”

బావ నవ్వలేదు. సీసా మూత తీసి, పెదాలు తడుపుకోకుండానే మళ్ళీ బిగించాడు.

ఆ రోజు సంగతి నాకు తెలుసు. సావుకారు చుట్టాలను విజయవాడలో దింపి బావ ఒంటరిగా తిరిగి వస్తున్నాడు. దారిలో అక్కకు సీరియస్‌గా ఉందని కబురు అందింది. ఇంజన్ కాగిపోతున్నా ఆగకుండా తోలాడు. కోదాడ దాకా అదే తెచ్చింది. అక్క బతికింది.

“పాతది ఏమైంది?” అని మేస్త్రిని అడిగాను. “పగిలిన బ్లాకు?”

“వాడపల్లి వైపు గొర్రెలాయన ఒకాయన పట్టుకుపోయాడు. అతుకు వేసి, కిరోసిన్ పోసి నీళ్ళ పంపుకు నడుపుకుంటానని. ఉంటే ఉండొచ్చు. కానీ...” ఇక్కడ మేస్త్రి మొదటిసారి నవ్వడం ఆపాడు. “దాని మీద నంబర్ ఉండదండీ. ఒకే నంబర్ రెండు ఇంజన్ల మీద ఉంటే దొంగబండి కేసు. అందుకని పాతదాని మీద ఉలిపెట్టి కొట్టేసేవాళ్ళం. మంచికే చేశామండీ.”

అవును, మంచికే చేశారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకుండా ఆ దుకాణంలో నిలబడ్డాను.

తిరుగు బస్సులో బావ కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. నాకు పెన్‌పహాడ్ దగ్గర ఒక పెళ్ళి గుర్తుకు వచ్చింది. తెల్ల అంబాసిడర్లు చాలా వచ్చాయి ఆ రోజు. డ్రైవర్లు పొద్దుపోక పందెం వేసుకున్నారు: కళ్ళకు తువ్వాల కట్టుకుని, చప్పుడు విని ఎవరి బండి వాళ్ళు గుర్తుపట్టాలని. మిగతావాళ్ళు తడబడ్డారు. బావ మాత్రం తన బండి స్టార్ట్ కాగానే “గదే నాది” అని నేరుగా నడిచిపోయి బానెట్ మీద చెయ్యి వేశాడు. జనం ఈలలు వేశారు. నేనూ వేశాను. ఆ పెళ్ళి అక్క ఆపరేషన్‌కు తర్వాత జరిగింది. ఆ సంగతి ఆ బస్సులో కూర్చుని లెక్క కట్టుకుంటే గానీ నాకు తట్టలేదు. బావకు అప్పటికే తట్టినట్టుంది. కిటికీ వైపే చూస్తూ, “పెన్‌పహాడ్ల నేను గెలిచింది గూడ ఉత్తదేనాయె” అన్నాడు.

అట్లా కాదు బావా, నువ్వు గుర్తుపట్టింది నిజంగా నువ్వు తోలే బండినే కదా అన్నాను.

నాకు ఇంకా ఒక ఆశ ఉంది. అదీ గ్రంథాలయంలో దొరికిందే. నేర పరిశోధన గురించిన పుస్తకంలో చదివాను. ఇనుము మీద అంకె కొట్టినప్పుడు పైన గుంట పడటమే కాదు, కింది ఇనుము కూడా నలుగుతుంది. పైన అరగదీసినా లోపలి నలుగుడు ఉండిపోతుంది. ఆ చోటును అద్దంలా సాన పెట్టి, సరైన ద్రావకం అద్దితే, నలిగిన చోట ఇనుము వేరే రంగు తిరిగి, పోయిన అంకె నీడలా పైకి తేలుతుంది. దొంగలు చెరిపేసిన నంబర్లను పోలీసులు అట్లా చదువుతారు. పోత ఇనుము మీద మాత్రం ఇది అరుదుగా పనిచేస్తుందని ఆ పుస్తకమే చెప్పింది. ఇంజన్ బ్లాక్ పోత ఇనుమే. అరుదు అంటే అసలు లేదని కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఎరువుల దుకాణంలో మైలుతుత్తం తెచ్చాను. బాత్‌రూం కడిగే యాసిడ్ తెచ్చాను. ఎమిరీ కాగితం, దూది, రబ్బరు తొడుగులు సర్దుకున్నాను. అక్క అన్నీ చూసి, “పురుడు పోసేటట్టు పోతున్నవు తమ్మీ” అంది. నవ్వించాలని అన్న మాట. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి, “గా రోజు నాకోసమే పగిలిందట గదా ఇంజన్. ఆయన ఇన్నేండ్లల్ల ఒక్కనాడు అనలే” అంది. మేస్త్రి చెప్పేదాకా ఆయనకే తెలియదక్కా అన్నాను. ఆమె పొయ్యి వైపు తిరిగింది.

వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఆటో దిగి చేను గట్ల వెంట అడిగి అడిగి పోతే గొర్రెల దొడ్డి కనిపించింది. మేస్త్రి చెప్పిన ఆయన ఎప్పుడో పోయాడు. ఆయన కోడలు, మా అక్క వయసు ఆమె, గంపతో ఆకు తీసుకొస్తూ మమ్మల్ని చూసి ఆగింది.

“ఇంజనా? గిదేనా?” కర్రల తడిక కాలికి ఆనించి ఉన్న నల్లటి ఇనుప ముద్దను చూపించింది. “మా మామ తెచ్చిండు. కొన్నొద్దులు నీళ్ళు పోసింది, కరెంటు మోటరొచ్చినంక మూలకు పడ్డది. పాత సామాన్లోడు అడిగితే ఇయ్యలే. తడిక గాలికి లేవకుంట బరువుంటదని పెట్టిన.”

దాని మీద పసుపు కుంకుమ బొట్లు ఉన్నాయి. ప్రతి దసరాకూ కొడవళ్ళతో, గొడ్డళ్ళతో పాటు దానికీ పెడుతుందట. “ఇనుమే గద, మరిస్తె బాగుండదు” అంది.

బావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పక్కన పైనుంచి కిందికి పగులు, దాని మీద లావుపాటి అతుకు. ఆయన వేలు ఆ అతుకు వెంట మెల్లగా నడిచింది.

“ఇదేనా?” అన్నాడు.

“సూద్దాం బావా.”

నంబర్ ఉండాల్సిన చోట ఉలి దెబ్బలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. బొట్లు తుడిచి, తుప్పు గీకి, ఎమిరీతో చాలాసేపు సాన పెట్టాను. ముందు అంకెల మీద దెబ్బలు మరీ లోతు, అక్కడ ఏమీ మిగలలేదు. చివర మాత్రం మేస్త్రి చెయ్యి అలిసిందేమో, ఉలి పైపైనే పోయింది. అక్కడ దూదితో ద్రావకం అద్దాను. ఇనుము ఎర్రబారింది. తుడిచాను. మళ్ళీ అద్దాను. గొర్రెలు తడిక వెనక గుంపుగా నిలబడి మా వైపే చూస్తున్నాయి.

ఎప్పటికో ఒక నీడ తేలింది. ముందు ఒక అడ్డగీత. తర్వాత దాని కొస నుంచి కిందికి ఒరిగిన గీత. ఏడు. దాని పక్కన నాలుగులో సగం. కార్డు మీది నంబర్‌లో చివరి రెండు అంకెలు అవే. రెండూ ఒకే గీత మీద, తిన్నగా నిలబడి ఉన్నాయి.

“బావా! సూడు, ఏడు! సూడు, నాలుగు!”

ఆయన ముఖం ఇనుముకు ఆనించినంత దగ్గరకు తెచ్చాడు. కళ్ళు చికిలించాడు. “తడి కనపడ్తంది.”

“తడి కాదు, దాని కింద. అడ్డంగ ఒక గీత.”

“నాకు కనపడ్తలేదురా.”

ఆ ఇల్లాలిని పిలిచాను. ఆమె వంగి చూసి, నన్ను నొప్పించడం ఇష్టం లేక ఆలోచించి అంది: “ఏదో ఉన్నట్టే ఉంది గని... గొర్రె కొమ్ము గీకినట్టుంది.”

కాగితం పెట్టి పెన్సిల్ రుద్దాను. అంతా ఒకే నలుపు వచ్చింది. నీడకు లోతు ఉండదు, కాగితానికి ఏం అందుతుంది? ఫోన్‌తో ఫొటోలు తీశాను. ప్రతి దానిలో ఇనుము మెరుపు, అందులో నా తల నీడ. ఇంకోసారి అద్దితే చిక్కబడుతుందేమోనని అద్దాను. ఏడు పోయింది. నాలుగు పోయింది. ఇనుము మీద సన్నటి గుంటలు పడ్డాయి, ఆ తర్వాత ఎంత తుడిచినా ఎర్రటి మచ్చే.

ఆ కారు ఏ ఇంజన్‌తో పుట్టిందో అది దొరికింది. అది ఇదేనని ఈ లోకంలో చూసింది నేనొక్కణ్ణే.

ఆమె చల్ల తెచ్చి ఇచ్చింది. బావ గ్లాసు అందుకుని, వాసన చూసి, నా చేతిలో పెట్టాడు. అక్కడి నుంచి చూస్తే అవతల రెండు ఏర్లు కలిసే చోటు, ఆ నీళ్ళ వెడల్పు కనిపిస్తాయి. ఆయన తన సీసా మూత తీసి పెదాలు తడుపుకున్నాడు.

హైదరాబాద్ ఆయనకు ఫోన్‌లోనే అంతా చెప్పాను, ద్రావకం సంగతితో సహా. ఓపికగా విన్నాడు. “మీరు చూశానంటే నేను కాదనను. నాకు తెలిసిన వాళ్ళలో ఇంత చదివినవాళ్ళు తక్కువ” అన్నాడు. “కానీ నా దగ్గరికి వచ్చి చూసేవాళ్ళకు నేను నంబర్ చూపించాలి. మీ మాటను చూపించలేను కదా.” నన్ను మెచ్చుకుంటూ ఫోన్ పెట్టేశాడు. ఇన్నేళ్ళలో నా చదువును అంత గౌరవంగా మెచ్చుకున్న మనిషి ఇంకొకరు లేరు. ఆ మెప్పును ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తుక్కు వాళ్ళను ఏ రోజు రమ్మనాలో బావే చెప్పాడు. డయాలసిస్ ఉన్న రోజు.

అక్కా ఆయనా దవాఖానకు పోయాక కోదాడ నుంచి లారీ వచ్చింది. వచ్చినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. చెప్పులు విడిచి, కారు ముందు అద్దం దగ్గర వేలాడుతున్న దేవుడి బొమ్మను తీసి నా చేతికిచ్చి పని మొదలుపెట్టారు. ముందుగా కారు బాడీకి కొట్టి ఉండే చాసిస్ నంబర్ ఉన్న ముక్కను గ్యాస్ కట్టర్‌తో కోశారు. రిజిస్ట్రేషన్ రద్దు చేయించడానికి ఆ ముక్క ఆఫీసులో చూపించాలి. నీళ్ళ బక్కెట్లో వేస్తే చుయ్యిమంది. ఆరాక నా చేతిలో పెట్టారు.

అలవాటు కొద్దీ జేబులోంచి కాగితం తీసి దాని మీద పెట్టి పెన్సిల్ రుద్దాను. అంకెలు తెల్లగా, తిన్నగా, ఒకే గీత మీద వచ్చాయి. కింద మిషన్ గీతలు కూడా పడ్డాయి. కంపెనీ కొట్టినవి, ఎవరూ ముట్టనివి.

బావ ఆటో దిగేసరికి పొద్దు వాలింది. డయాలసిస్ అయిన రోజుల్లో ఆయన నేరుగా పోయి పడుకుంటాడు. ఆ రోజు షెడ్డు వైపు నడిచాడు. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కడున్నది అక్కడే ఉంది. కూర్చున్నాడు. ఎదురుగా నేల మీద ఆయిల్ మరక తప్ప ఏమీ లేదు. నేను పెన్సిల్ కాగితం ఇచ్చాను.

“ఏందిది?”

“చాసిస్ నంబర్ బావా. ఇది మాత్రం అసలుది.”

కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఏం కనిపించిందో తెలియదు. మడిచి, తిరిగి నా జేబులోనే పెట్టాడు.

“ఎట్ల తీస్కపోయిండ్రు? స్టార్ట్ చేసిండ్రా?”

“లేదు. గొలుసేసి లారీ మీదికి గుంజిండ్రు.”

“మంచిగైంది” అన్నాడు. మరక వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు: “స్టార్ట్ చేస్తే దవాఖాన దాంక ఇనొస్తుండె. ఇంటే గుర్తుపడుతుంటినో, లేదో.”